సంత ఊడ్చిన కర్ర

మూడు ఆదివారాలు గడిచాయి. ఆ మూడింటిలో ఫెలిస్‌బెలా నేర్చుకున్నవి రెండే రెండు: కళ్ళం శుభ్రంగా ఊడవడం, తడబడకుండా వెనక్కి నడవడం. కర్రసాము నేర్చుకోవాలని కొండ దాటి వచ్చిన పిల్ల చేతికి ఇంతవరకూ కర్రే రాలేదు. వచ్చింది చీపురు.

అయినా ఆ పిల్లకి బాధ లేదు. నెల రోజులపాటు గోడ అవతల నక్కి చూసినదానికి గోడ లోపల చీపురు పట్టుకోవడం కూడా గొప్పే. ఆ గోడ దిగమన్నది జెఫెరీను తాత. పచ్చి అక్రోటు కాయ ఒకటి ఆమె నెత్తిమీదికి గురి చూసి విసిరి, "అటునుంచి చూస్తే మెడనొప్పి తప్ప ఇంకేం రాదు పిల్లా, దిగు" అన్నాడు. ఆయన తమ్ముడు, సాము నేర్పే కుస్తోదియు మేస్త్రీ మాత్రం ఆమెని కిందినుంచి పైదాకా చూసి ఒకటే మాట చెప్పాడు.

"మూడు ఆదివారాలు చూస్తాను. నాలుగో ఆదివారం నీ కర్ర నువ్వు తెచ్చుకో. కొలుస్తాను. ఉంటావో పోతావో ఆ రోజు చెప్తాను."

ఇవాళ ఆ నాలుగో ఆదివారం.

ఫెలిస్‌బెలాకి పదిహేనేళ్ళు. బడిలో పేరు పిలిస్తే "ఉన్నానండీ" అనడానికి కూడా గొంతు పెగలని పిల్ల. మనుషులతో మాట్లాడేటప్పుడు వాళ్ళ చొక్కా గుండీల వంక చూస్తుంది. మొహం వంక చూస్తే లోపల ఉన్నదంతా వాళ్ళకి కనిపించిపోతుందని భయం. కానీ ఈ రాతి కళ్ళంలో ఎవరూ ఆమెని మాట్లాడమనరు. మేస్త్రీ "అడుగు" అంటే అడుగు, "వెనక్కి" అంటే వెనక్కి. ఏడుగురు మగవాళ్ళు ఆయాసపడుతూ, చెమటలు తుడుచుకుంటూ, ఆమెని ఓ మనిషి లెక్కన పక్కన నిలబెట్టుకుంటారు. నోరు విప్పకుండా నలుగురిలో ఉండగలిగే చోటు ఆమెకి లోకంలో ఇదొక్కటే దొరికింది. ఇది పోతే మళ్ళీ గోడ అవతలే.

అందుకే ఈ రోజు మేస్త్రీకి నచ్చేలా ఏదైనా చెయ్యాలనుకుంది. అమ్మమ్మ పొద్దున్నే మొదటి పూజకి చర్చికి వెళ్ళిన సమయం చూసి, మొక్కజొన్న గాదె వెనకనుంచి తాత కర్ర తీసింది.

ఆ కర్ర సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ ముట్టుకోరు. చెస్ట్‌నట్ కాయలు రాల్చడానికి మావయ్య ఒకసారి చెయ్యి వేస్తే అమ్మమ్మ జసింతా పొయ్యి దగ్గరనుంచే "అది కాదు" అంది. అంత మెల్లగా అన్నదానికి మావయ్య అంత గబుక్కున చెయ్యి ఎందుకు తీశాడో ఫెలిస్‌బెలాకి ఇప్పటికీ అర్థం కాదు. ఏటా ఆగస్టులో ఒక్కసారి అమ్మమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తుంది. ఏడేళ్ళ కిందట పోయిన తాత మీద ప్రేమ అనుకుంటారు అందరూ. తాత అల్బాను ఆ కర్రతోనే బర్తలమేవు సంత ఊడ్చాడని మావయ్యలు కథలు కథలుగా చెబుతారు. సంత ఊడ్చడమంటే చీపురుతో కాదు. ఒక్క మనిషి నడిమధ్య నిలబడి కర్ర తిప్పుతూ ఉంటే బండ్లవాళ్ళు, కుండలవాళ్ళు, పందులు, జనం అంతా పరుగులు తీసి మైదానమంతా ఖాళీ అయిపోవడం. తాత మీదికొచ్చిన తొమ్మిది మందిని అలా ఊడ్చేశాడట. ఆ కొండల్లో ఒక వంశానికి అంతకు మించిన పేరు లేదు.

కొండ దాటే గంటసేపూ ఫెలిస్‌బెలా ఒకే వాక్యం వల్లించుకుంది. పొదలకి చెప్పింది, వాగుకి చెప్పింది, అడ్డొచ్చిన మేకకి కూడా చెప్పింది. మా తాతది మేస్త్రీ గారూ. సంత ఊడ్చిన కర్ర. ఎవరూ అడగకుండా తనంతట తాను పైకి చెప్పబోయే మొదటి మాట అది.

*

కళ్ళం ఊడ్చే పని అయ్యేసరికి ఏడుగురూ వచ్చేశారు. రొట్టెల కొట్టు అమదేవు భుజాల నిండా పిండి దులుపుకుంటూ ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నిలువెత్తు మనిషి. చెయ్యి పడితే గాడిద కూర్చుంటుందని అతని గొప్ప.

"ఏం బేలా, ఇవాళ కూడా నా రెండో గుండీనేనా? నచ్చితే చెప్పు, కత్తిరించి ఇచ్చేస్తాను. ఇంటికి తీసుకుపోయి తీరిగ్గా చూసుకుందువు గాని."

"దాన్ని వదిలెయ్యరా," గోడమీద కూర్చుని జెఫెరీను తాత అన్నాడు. "నీ మొహం చూడ్డం కంటే గుండీ చూడ్డమే మేలు. కనీసం అది గుండ్రంగా ఉంది."

అందరూ నవ్వారు. ఫెలిస్‌బెలా కూడా నవ్వింది, నేలవంక చూస్తూ.

జెఫెరీను తాతకి ఎడమ కన్ను లేదు. రెప్ప మూసుకుని లోపలికి పోయి ఉంటుంది. ఎలా పోయిందని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కథ చెబుతాడు. మొదటి ఆదివారం కోడిపుంజు పొడిచిందన్నాడు. రెండో ఆదివారం కొత్త ద్రాక్షసారా పీపా బిరడా ఎగిరి తగిలిందన్నాడు. పోయిన ఆదివారం మరీ దారుణం: మిల్లు విధవరాలికి కన్ను కొట్టాడట, కొట్టిన కన్ను మళ్ళీ తెరుచుకోలేదట. "ఆవిడ ఒప్పుకుని ఉంటే తెరిచేవాణ్ణే" అని ముగించాడు.

మేస్త్రీ కుస్తోదియు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏదీ, కర్ర తెచ్చావా?"

ఆమె గోనెసంచి విప్పింది. నల్లబడి, నూనె తాగి నిగనిగలాడే కర్ర. అడుగున ఇనుప పొన్ను. మధ్యలో రెండు చోట్ల చేతులు పట్టి పట్టి కాటుక రాసినట్టు అయిన మరకలు. కర్ర తీయగానే ఆమె చేతులు వాటంతటవే ఆ రెండు మరకల మీదికి వెళ్ళి కూర్చున్నాయి.

ఇప్పుడు చెప్పాలి. మేస్త్రీ చొక్కా పై గుండీ వంక చూస్తూ చెప్పేసింది.

"మా తాతది మేస్త్రీ గారూ. సంత ఊడ్చిన కర్ర."

ఎవరూ నవ్వలేదు. "అబ్బో" అని కూడా అనలేదు. అమదేవు గాలిలో తిప్పుతున్న కర్ర దించేశాడు. పై పందిట్లో ద్రాక్ష ఆకుల్లో కందిరీగలు తిరిగే చప్పుడు వినిపించింది.

"ఏ సంత?" మేస్త్రీ అడిగాడు.

"బర్తలమేవు సంత."

"మీ తాత పేరు?"

"అల్బాను అండీ. తొమ్మిది మంది మీద ఒక్కడే…"

"తొమ్మిది మంది." మేస్త్రీ ఆ అంకె నోట్లో చేదు గింజ పడ్డట్టు పలికాడు. "మీ ఇంట్లో తొమ్మిది దగ్గర ఆపేశారా? పదోవాడి సంగతి చెప్పలేదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"పదోవాడి చేతిలో కర్ర లేదు. వట్టి చేతులతో లోపలికి వెళ్ళాడు. 'చాల్లేరా అల్బానూ, ఇంటికి పోదాం రా' అని భుజం పట్టుకుని లాక్కొద్దామని వెళ్ళాడు. ఇద్దరూ ప్రాణ స్నేహితులు కాబట్టి వెళ్ళాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. మిఠాయి బండి కింద దూరి చూస్తున్నాను. దుమ్ము తప్ప ఏం కనిపించలేదు. ఆ దుమ్ములోంచి మా అన్న బయటికొచ్చాడు. చెయ్యి ఇలా మొహానికి అడ్డం పెట్టుకుని. వేళ్ళ సందుల్లోంచి…"

ఆయన చెయ్యి ఇంకా మొహం మీదే ఉంది.

ఫెలిస్‌బెలా గోడ వైపు చూసింది. కోడిపుంజు లేదు. బిరడా లేదు. మిల్లు విధవరాలు లేదు. గోడమీద ఆ ముసలాయన కాళ్ళు ఆడించడం మానేసి కూర్చున్నాడు.

ఊరూరా ఏళ్ళ తరబడి గొప్పగా చెప్పుకున్న కథకి ఇలాంటి వెనక భాగం ఉందని ఆమెకి ఎవరు చెప్పారు? గంటసేపు వల్లించుకుని మరీ తెచ్చింది ఆ వాక్యాన్ని. లోకంలో ఉన్న ఇన్ని గుమ్మాల్లో, ఏ గుమ్మంలో అనకూడదో సరిగ్గా అక్కడే అంది.

"నీమీద కోపం లేదమ్మా," మేస్త్రీ గొంతు తగ్గించాడు. "అప్పటికి మీ అమ్మ కూడా పుట్టలేదు. కానీ ఆ కర్ర ఈ కళ్ళంలో ఉండడానికి వీల్లేదు. దాన్ని తెచ్చిన చేతికి నేను సాము నేర్పలేను. నేర్పుతుంటే ప్రతిసారీ నాకు ఆ దుమ్మే కనిపిస్తుంది. తీసుకుని వెళ్ళిపో."

ఆమె సంచి వెతుక్కుంది. అది కాలికిందే ఉంది, కనిపించలేదు. అమదేవు వంగి తీసి ఇచ్చాడు. కనీసం గుండీ మీద హాస్యమాడినా బాగుండేది.

"కుస్తోదియూ," గోడమీదనుంచి వినిపించింది. "నువ్వు కొలవలేదు."

"ఏంటన్నయ్యా?"

"నాలుగో ఆదివారం కర్ర కొలుస్తావు. ఈ అమదేవు గాడు పొయ్యి కెలికే కర్ర తెచ్చినా కొలిచావు. ఆ పిల్లకి మాత్రం ఎందుకు కొలవవు?"

"దాన్ని నేను ముట్టుకోను."

"సరే. నేనే కొలుస్తాను."

జెఫెరీను తాత గోడ దిగాడు. మోకాళ్ళు పట్టుకుని ఒకసారి మూలిగి, మెల్లగా వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు. ఆయన చొక్కాకి గుండీలు రెండే ఉన్నాయి. ఫెలిస్‌బెలా ఆ రెంటినీ చూస్తూ నిలబడింది.

"మొహం పైకెత్తు బేలా. నువ్విలా గుండీలు లెక్కపెడుతుంటే నీ గడ్డం ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది? కర్ర నేలనుంచి గడ్డం దాకా ఉండాలి. అదీ కొలత."

ఆమె పైకెత్తింది. తన ఇష్టంతో ఒక మనిషి మొహంలోకి చూడడం ఆమెకి అదే మొదలు. ముందు తెరిచి ఉన్న కన్ను చూసింది. గోధుమరంగు, అంచుల్లో తడి. తర్వాత మూసి ఉన్నది చూసింది. రెప్ప మీద చిన్న ముడతలు, తెల్లటి గీత ఒకటి కనుబొమదాకా. చూపు తిప్పుకోవాలనిపించింది. తిప్పుకోలేదు.

"మన్నించు తాతా," అంది. ఇది వల్లించుకున్న మాట కాదు.

"దేనికి? అదిగో, ఆ మూల సరిగ్గా ఊడవనందుకా?" అని, ఆయన కర్ర అందుకుని ఆమె పక్కన నిటారుగా నిలబెట్టాడు.

కర్ర కొస సరిగ్గా ఆమె గడ్డం కింద ఆగింది. వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"చూడరా తమ్ముడూ."

మేస్త్రీ విసుగ్గా చూశాడు. తల తిప్పుకోబోయి, తిప్పుకోలేక మళ్ళీ చూశాడు.

"కోసి పొట్టి చేసుంటారు," అన్నాడు.

"ఎక్కడ కోశారు? చూపించు."

ఇక ముట్టుకోక తప్పలేదు. మేస్త్రీ కర్ర అందుకున్నాడు. పై కొస బొటనవేలితో తడిమాడు. కర్ర ఎంత నల్లగా ఉందో కొస కూడా అంతే నల్లగా, అంతే నునుపుగా ఉంది. బోర్లించి ఇనుప పొన్ను చూశాడు. కమ్మరి కొట్టిన పాత మేకులు తుప్పుపట్టి చెక్కలో చెక్కయిపోయాయి. నలభై ఏళ్ళుగా వాటిని ఎవరూ కదపలేదు. ఈ కర్ర పుట్టినప్పటినుంచీ ఇంతే.

"అల్బాను ఎప్పుడైనా ఆ గుమ్మంలోంచి తల వంచకుండా వచ్చాడా?" జెఫెరీను అడిగాడు.

మేస్త్రీ కళ్ళం గుమ్మం వైపు చూశాడు. తక్కువ ఎత్తులో అడ్డంగా పెట్టిన రాతి దూలం. అమదేవు కూడా అటే చూశాడు. అతని నుదుటిమీద ప్రతి ఆదివారం పడే గీత ఆ దూలం పెట్టిందే.

"లేదు," మేస్త్రీ అన్నాడు. "వంగి వంగి వచ్చేవాడు."

"అంత మనిషికి ఈ కర్ర ఎక్కడికొస్తుంది? గుండెల దాకా కూడా రాదు. సంత ఊడ్చేవాడు అలాంటి కర్ర పట్టుకెళ్తాడా?"

"అయితే ఇది అల్బాను కర్ర కాదు."

"కాదు."

"నీకు తెలుసా?"

"కన్ను పోయే ముందు ఆఖరుగా చూసిందేమిటో మనిషికి గుర్తుండదా?"

మేస్త్రీ మొహం ఎర్రబడింది. "నలభై నాలుగేళ్ళు! వాడు ఎదురొస్తే నేను దారి మార్చాను. వాడు పోతే శవం వెనక నాలుగడుగులు వెయ్యలేదు. నువ్వు రోజూ నా పక్కన కూర్చుని తిన్నావు. ఒక్క మాట, అన్నయ్యా! ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"వాడు వద్దన్నాడు. ఆసుపత్రి మంచం పక్కన టోపీ నలుపుకుంటూ నిలబడి అడిగాడు. 'నేనే కొట్టానని అనుకోనీ జెఫెరీనూ' అన్నాడు. మాటిచ్చాను. ఇవాళ కూడా నేనేం చెప్పలేదు. కర్ర కొలిచానంతే." ఆయన గోడకి ఆనుకున్నాడు. ఒక్కసారిగా ముసలివాడైపోయాడు. "సరే గానీ, కర్ర సరిపోయింది. పిల్ల ఉంటుందా, పోతుందా? అది చెప్పు ముందు. అది ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నిలబడింది."

మేస్త్రీ కర్ర ఫెలిస్‌బెలా చేతికిచ్చి, గోడవారనుంచి తన కర్ర తీసుకున్నాడు.

"కర్ర చూడకు. నా మొహం చూడు."

ఆమె చూసింది. కళ్ళు ఎర్రగా, తడిగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ తాను ఎవరి మొహం చూడ్డానికి భయపడిందో, వాళ్ళు కూడా లోపల ఉన్నదంతా దాచుకోలేక అవస్థ పడుతుంటారని ఆ క్షణంలో ఆమెకి తెలిసింది.

"కాచుకో!"

దెబ్బ పైనుంచి దిగింది. ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది. మడమ లేవలేదు, నేలమీదే జారింది. కర్ర నెత్తిమీద అడ్డంగా లేచింది. కొయ్యమీద కొయ్య పడ్డ మోత కొండకి తగిలి తిరిగొచ్చింది. కర్ర వంగి మళ్ళీ నిలబడింది. మోచేతులదాకా జిల్లుమన్నాయి గానీ చేతులు వదల్లేదు.

"ఉంటుంది," మేస్త్రీ అన్నాడు.

"ఇక నా గుండీ బతికింది!" అమదేవు అరిచాడు. మిగతావాళ్ళు కర్రలు నేలకేసి టకటకా కొట్టారు. ఆ కళ్ళంలో కొత్తవాళ్ళకి స్వాగతం చెప్పేది అలాగే. ఫెలిస్‌బెలాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ దాచుకోలేదు.

మేస్త్రీ మాత్రం నవ్వలేదు. ఆమె పాదాల వంక చూస్తున్నాడు.

"ఆ వెనకడుగు నేను నేర్పింది కాదు. నేను మడమ ఎత్తమంటాను. ఇది పాత పద్ధతి. మా నాన్నతోనే పోయిందనుకున్నాను. నీకెవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. మా అమ్మమ్మ రొట్టెలు కాల్చేటప్పుడు పొడుగు పార పట్టుకుని పొయ్యిలోంచి ఇలాగే వెనక్కి…"

తన మాట తనకే వినబడింది.

ఒంటిమీద ఉన్న లంగా అమ్మమ్మది. మడత వెయ్యకుండా, అంచు విప్పకుండా సరిపోయింది. అచ్చం జసింతా పోతపోసినట్టు ఉంది, ఎత్తు కూడా అంతే అని ఊళ్ళో చూసినవాళ్ళంతా అంటారు. ఆగస్టులో ఒళ్ళో పెట్టుకుని నూనె. పొయ్యి దగ్గరనుంచి మెల్లగా, "అది కాదు."

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. కొండదారిన గబగబా నడిచొచ్చిన ఆయాసం. జెఫెరీను తాత గుడ్డి కంటి వైపు ఉంది గుమ్మం. ఆయన తల తిప్పలేదు.

"రా జసింతా," అన్నాడు. "కొండ దాటడానికి నలభై నాలుగేళ్ళు పట్టిందా నీకు?"

నల్లటి తలగుడ్డ చేతిలో పట్టుకుని, చర్చికి వేసుకెళ్ళిన బట్టలతోనే అమ్మమ్మ లోపలికొచ్చింది. గాదె వెనక కర్ర లేకపోవడం చూసి అలాగే బయల్దేరినట్టుంది. రాతి దూలం కింద ఆమెకి తల వంచే పని పడలేదు. ఎవరివంకా చూడకుండా తిన్నగా మనవరాలి దగ్గరికి వచ్చి, చెయ్యి చాపి కర్ర తీసుకుంది. వేళ్ళు ఆ రెండు నల్లటి మరకల మీద, నిన్ననే వదిలినట్టు, వెళ్ళి కూర్చున్నాయి.

"కూర్చో కుస్తోదియూ," అంది. "నిలబడి వినే మాట కాదు."